పట్టిక పటమైనప్పుడు

అంకెలను వరుసలుగా పేర్చి పట్టిక కట్టుట మన దేశమున చిరకాలముగా నున్న విద్యయే. కౌటిల్యుని అర్థశాస్త్రమునందలి గోపుడను అధికారి తన అధీనమునందలి గ్రామములలోని క్షేత్రములను, గృహములను, మనుష్యులను, పశువులను లెక్కించి వ్రాసి యుంచవలసినవాడు. అబుల్ ఫజల్ సంతరించిన ఆయీనె అక్బరీ సుబాలవారీగా సాగుభూముల పట్టికలతోను, శిస్తుల పట్టికలతోను నిండియున్నది. మన గ్రామకరణముల అడంగలు పుస్తకములందు గడులకు లోటుండెడిది కాదు. ఇన్ని లెక్కలు వ్రాసినవారిలో నెవ్వరును ఒక సంఖ్యను ఒక పొడవుగా భావించి, శిస్తునో వర్తకమునో గీతగా గీసి కంటికి చూపవచ్చునని తలపలేదు. ఆ మాటకు వచ్చినచో, వర్తకపు చిట్టాలలో ఆరితేరిన యూరపు ఖండీయులకును పదునెనిమిదవ శతాబ్ది యుత్తరార్ధమువరకు ఆ తలంపు కలిగినట్లు కానరాదు.

జేమ్స్ వాట్ వద్ద యంత్రముల నక్షాలు గీయుచు కొంతకాలము పనిచేసిన విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశీయుడు, 1786లో ప్రకటించిన వాణిజ్య రాజకీయ పటసంపుటమునందు, ఇంగ్లండు ఒక్కొక్క దేశముతో నెరపిన ఎగుమతి దిగుమతులను, సంవత్సరములు అడుగున అడ్డముగను, పౌనులు ప్రక్కన నిలువుగను ఉండునట్లు, రెండేసి రేఖలుగా గీసి చూపెను. వానిలో తూర్పు ఇండియా వర్తకపు పటము మన చూపును కొంతసేపు నిలుపదగినది. 1611లో ఆంగ్లేయులు వర్తకశాల నెలకొల్పిన మచిలీపట్నమునుండియు, తక్కిన కోరమాండలు రేవులనుండియు ఓడ కెక్కిన బట్టల వెల ఆ దిగుమతి రేఖలో పేరు లేకుండ కలిసిపోయియున్నది. ఆ సంపుటముననే కమ్మీ చిత్రమును తొలుత వెలసినది. వెలసిన కారణము మాత్రము విచిత్రమైనది. స్కాట్లండు వర్తకమునకు సంబంధించి పలు సంవత్సరముల లెక్కలు ఆయనకు దొరకలేదు. 1780-81 నాటి ఒక్క సంవత్సరపు లెక్క మాత్రము చేతికందెను. కాలము లేనిచోట రేఖ గీయరాదు కనుక, పదునేడు దేశములకు పదునేడు జతల కమ్మీలు గీసి, కాలమునకు తావులేని యీ పద్ధతి తక్కిన పటములంత ప్రయోజనకారి కాదని ఆయనయే తేల్చెను. దానినే నేడు లోకమంతయు వాడుచున్నది.

ఈ చిత్రములను గీయు పద్ధతి మన పాఠశాలలలో చక్కగనే నేర్పబడుచున్నది. గణనచిహ్నములతో పౌనఃపున్య విభాజనము సిద్ధపరచుట, అక్షములపై స్కేలు ఎన్నుకొనుట, సోపానచిత్రమును కట్టుట, సంచిత పౌనఃపున్యములతో ఓజీవ్ వక్రము గీసి మధ్యగతమును గుర్తించుట, ఇవన్నియు పదవ తరగతి ముగియులోపల బాలురకు పట్టువడును. కాని ప్రతి చిత్రమును కంటినుండి ఒక పనిని కోరుననియు, ఆ పనులలో కొన్ని కంటికి సులభములు, కొన్ని దుస్సాధములు ననియు, ఏ చిత్రమును గీయవలెనన్న నిర్ణయమే సగము వ్యాఖ్యానమనియు చెప్పు పాఠము మన పుస్తకములలో లేదు. నా అభిప్రాయమున సాంఖ్యకచిత్రముల సమస్య యంతయు ఇక్కడనే యున్నది.

కన్ను చేయు పనులను తారతమ్యముగా పరీక్షించిన వారిలో విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెగిల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ముఖ్యులు. 1984లో వారు ప్రకటించిన ప్రయోగఫలముల సారమిది: ఒకే స్కేలుపై రెండు బిందువుల స్థానములను పోల్చుటలో మనుష్యుడు అన్నిటికన్న తక్కువగా పొరపడును; పొడవులను పోల్చుటలో కొంచెమెక్కువ, కోణములయందు ఇంకను ఎక్కువ, వైశాల్యములయందు మరింత, ఘనపరిమాణములయందును రంగుల గాఢతయందును మిక్కిలిగా పొరపడును. రెండు వక్రరేఖల నడుమ నిలువుదూరమును కనిపెట్టుట కూడ మనకు చేతకాని పనియే. ప్లేఫేర్ గీసిన తూర్పు ఇండియా పటమున పాఠకుడు తెలిసికొనగోరునది ఎగుమతి దిగుమతుల వ్యత్యాసము గదా. రెండు రేఖలును నిటారుగా ఎగబ్రాకుచోట ఆ వ్యత్యాసము పెరిగినను, కన్ను నిలువుదూరమును విడిచి రేఖల నడుమ నున్న అతిసమీపపు దూరమునే పట్టుకొనుటచే, అది మారనట్లే తోచును. వ్యత్యాసమును వేరొక రేఖగా గీసినగాని ఆ పెరుగుదల బయటపడదు. విద్యను ప్రారంభించినవాని చిత్రముననే విద్యయొక్క మొదటి చిక్కు దాగియున్నదన్నమాట.

వృత్తరేఖాచిత్రము, అనగా జనులందరును పై చార్టు అనునది, 1801లో ఆ ప్లేఫేరే మరియొక గ్రంథమున ప్రవేశపెట్టినది. దీనిని మనవారు ఏటేట చూచు సందర్భమొకటి కలదు: కేంద్రప్రభుత్వపు బడ్జెటు వెలువడిన మరునాడు పత్రికలలో ‘రూపాయి రాక, రూపాయి పోక’ అను శీర్షికతో నాణెమును ముక్కలుగా కోసి చూపు బొమ్మ. 2023-24 బడ్జెటునే తీసికొందము. రాకలో అప్పులు 34 పైసలు, జీఎస్టీ 17, ఆదాయపుపన్ను 15, కార్పొరేషను పన్ను 15, తక్కినవి చిల్లర. ఈ బొమ్మ ఒక్క విషయమును అమోఘముగా చెప్పును: రూపాయిలో మూడవవంతునకు కొంచెము మించి అప్పే. సగము, మూడవవంతు, పాతికభాగము అను మూడింటిని కన్ను వృత్తమునందు ఎవరును చెప్పకయే గుర్తించును. కాని 17 పైసల ముక్క 15 పైసల ముక్కకన్న పెద్దదని, పైన అంకె వ్రాసియుండనిచో, చెప్పగలవాడరుదు. అంకె చదివియే తెలిసికొనవలసివచ్చినచో బొమ్మ యెందులకు? ఒక భాగమునకును మొత్తమునకును గల సంబంధము తెలియవలసినప్పుడు వృత్తము తగును. భాగములను తమలో తాము పోల్చవలసినప్పుడు కమ్మీలు తగును. పత్రికలవారు ఈ రెండవ పనికి సైతము వృత్తమునే వాడి, చాలదన్నట్లు దానిని ఏటవాలుగా పడుకోబెట్టి మందము కల్పించుచున్నారు. ముందువైపున నున్న ముక్క దాని మందముతో సహా కనబడి పెద్దదైనట్లు తోచును. అలంకారమునకై సత్యమును వక్రించుట ఇంతకన్న సులభముగా మరెక్కడను జరుగదు. అప్పును ‘రాక’ యని చూపుటలోని ఔచిత్యమును చర్చింపవలసినది అర్థశాస్త్రవేత్తలు. కాని ఆ నిర్ణయము కూడ చిత్రకారుడు కత్తెర పట్టుటకు ముందే జరిగిపోయినదని పాఠకుడు మరువరాదు.

వృత్తచిత్రములలోకెల్ల ప్రఖ్యాతమైనది ఫ్లారెన్సు నైటింగేల్ 1858లో ప్రకటించినది. క్రిమియా యుద్ధమున బ్రిటిషు సైనికులు గాయములవలనకంటె నివారింపదగిన అంటువ్యాధులవలననే అనేకరెట్లు అధికముగా మరణించిరని నిరూపించుటకు, ఆమె నెలకొక రెక్క చొప్పున పండ్రెండు రెక్కల చక్రమును గీసి, వ్యాధిమరణములకు నీలము, గాయములకు ఎరుపు, ఇతరకారణములకు నలుపు వాడెను. రెక్క వైశాల్యమే సంఖ్య. కావున మరణములు నాలుగింతలైనచో రెక్క పొడవు రెండింతలే యగును. శుద్ధశాస్త్రదృష్టితో చూచినచో ఇదే సమాచారమును సాధారణ కమ్మీ చిత్రము ఇంకను స్పష్టముగా తెలుపును, ఏలయన వైశాల్యమును కొలుచుటలో కన్ను దుర్బలమని ఇదివరకే చెప్పుకొంటిమి. ఐనను మంత్రులును సేనానులును చూడవలసిన ఆ పటము ఉద్దేశము సూక్ష్మమైన కొలత కాదు. ఎర్రని చిన్నముక్కను చుట్టుముట్టిన నీలపు విస్తారమును చూపి వారిని కదలించుట. ఆ పనిని అది నెరవేర్చెను. (ఈమెయే తరువాత భారతదేశపు పారిశుద్ధ్యమును గూర్చియు, నీటిపారుదలను గూర్చియు విశేషముగా వ్రాసి, ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన ఆర్థరు కాటనుతో ఉత్తరప్రత్యుత్తరములు నడపెనని గోదావరి మండలమువారికి జ్ఞాపకము చేయుట అప్రస్తుతము కాదనుకొందును.)

బొమ్మలతో సంఖ్యలను చూపు పటచిత్రములలోను వైశాల్యపు మాయ కలదు. ధాన్యపు దిగుబడి రెట్టింపైనదని తెలుపుటకు బస్తా బొమ్మను రెండింతల ఎత్తున గీసినచో, వెడల్పును రెట్టించుటవలన కాగితముపై అది నాలుగింతల చోటాక్రమించును. చూచువాడు నిజమైన బస్తాను ఊహించుకొన్నచో ఎనిమిదింతలగును. వియన్నా నగరమున ఓటో నాయ్‌రాట్ 1920 దశకమున దీనికి సుగమమైన విరుగుడు కనిపెట్టెను: బస్తాను పెంచవద్దు, అదే పరిమాణముగల బస్తాలను వరుసగా ఎక్కువసార్లు గీయుడు. మన అయిదారు తరగతుల పుస్తకములు ఈ నియమమునే పాటించుచున్నవి. వార్తాపత్రికలు పాటించుట లేదు.

కమ్మీ చిత్రమున పొడవే సర్వస్వము. కనుక కమ్మీ శూన్యమునుండి మొదలుకాక తప్పదు. 2001 జనగణనలో అవిభక్త ఆంధ్రప్రదేశమున వేయిమంది పురుషులకు 978 మంది స్త్రీలుండగా, 2011లో 993 మంది యుండిరి. అక్షమును 970 వద్ద మొదలిడి ఈ రెండింటికి కమ్మీలు నిలిపినచో, ఒకటి 8 పాళ్ళును, మరొకటి 23 పాళ్ళును ఎత్తుండి, పదేండ్లలో స్త్రీల పాలు దాదాపు మూడింతలైనట్లు కనుపించును. వేయికి పది సెంటీమీటర్ల చొప్పున శూన్యమునుండి గీసినచో ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే తేడా. ఇందులో మొదటిది అసత్యము. రెండవది సత్యమేయైనను నిరుపయోగము, ఏలయన వేయికి పదునైదు అనునది జనాభాశాస్త్రమున అల్పమైన మార్పు కాదు. అట్టి మార్పును చూపుటకు రేఖాచిత్రమే శరణ్యము. రేఖాచిత్రమున కన్ను పొడవును గాక స్థానమును, వాలును చూచును గనుక, అక్షము శూన్యమునుండియే మొదలుకావలెనన్న నిర్బంధము దానికి లేదు. అన్ని చిత్రములును శూన్యముతోనే మొదలుకావలెనని శాసించు విమర్శకులు ఈ భేదమును గమనించినట్లు లేదు.

సోపానచిత్రమును చాలమంది దగ్గరగా జరిపిన కమ్మీల వరుస యనుకొందురు. కాదు. కమ్మీ చిత్రమున అడుగునుండునవి పేర్లు; వానిని ఏ వరుసలోనైన ఉంచవచ్చును. సోపానచిత్రమున అడుగునుండునది అవిచ్ఛిన్నమైన సంఖ్యారేఖ; దానిని ఎక్కడెక్కడ ఖండించి ఎంతెంత తరగతి అంతరముగా విభజింపవలెనో గీయువాడు నిర్ణయించును. ఆ నిర్ణయముపై ఎంత ఆధారపడియున్నదో తెలియుటకు మన జనగణనలోని వయస్సుల లెక్కకన్న మంచి ఉదాహరణము లేదు. ఎన్యూమరేటరు వచ్చి వయస్సడిగినప్పుడు, పుట్టినతేదీ కాగితముపై లేని పెద్దవారు ‘ఏ ముప్ఫయ్యో ముప్ఫయ్యైదో వేసుకోండి బాబూ’ అనుట అనుభవవేద్యము. తీరప్రాంతపు ముదుసలియైనచో 1977 దివిసీమ ఉప్పెననాటికి తాను ఏమిచేయుచుండెనో చెప్పి ఊహను ఎన్యూమరేటరుకే విడుచును. కావున ఒక్కొక్క సంవత్సరమునకు ఒక్కొక్క దిమ్మ నిలిపి సోపానచిత్రము గీసినచో, 25, 30, 35, 40 ఇత్యాది వయస్సులవద్ద గోపురములు లేచి, వాని కిరుప్రక్కల 29, 31, 39, 41 వద్ద గుంటలు పడును. ఈ దేశమున ముప్పదియేండ్లవారు ముప్పదియొకటేండ్లవారికన్న అన్ని రెట్లు ఎక్కువగా ఉండుట అసంభవము. చిత్రము చూపుచున్నది జనుల వయస్సులను గాదు, జనులు వయస్సు చెప్పు తీరును. అదే లెక్కను 25-29, 30-34, 35-39 అను అయిదేండ్ల తరగతులుగా కూర్చినంతనే, ప్రతి తరగతిలోను ఒక్కొక్క గోపురమే పడుటచే, ఎగుడుదిగుళ్ళు చాలవరకు చదునై మెట్లు సౌమ్యముగా దిగివచ్చును. చిత్రము అందగించినది, దోషము కనుమరుగైనది. జనాభాశాస్త్రవేత్తకు వయస్సుల పంపిణీ తెలియుటకు రెండవ చిత్రము కావలెను, లెక్క ఎంత నమ్మదగినదో తెలియుటకు మొదటిది కావలెను. పరీక్షలో మాత్రము తరగతి అంతరమును ప్రశ్నలోనే ఇచ్చివేయుదురు. ఆలోచింపవలసిన భాగము విద్యార్థికి మిగులదు.

ఇక కాలరేఖ. 1901నుండి 2011వరకు భారతదేశ జనసంఖ్యను ఒక గ్రాఫు కాగితముపై పదికోట్లకొక సెంటీమీటరు చొప్పున గీయుదము. 1901లో 23.84 కోట్లు, 1911లో 25.21, 1921లో 25.13, 1931లో 27.90, 1941లో 31.87, పిదప 1951లో 36.11, 1961లో 43.92, 1971లో 54.82, 1981లో 68.33, 1991లో 84.64, 2001లో 102.87, 2011లో 121.09. రేఖ మొదట నేలబారుగా నడచి, స్వాతంత్ర్యానంతరము కొండవలె లేచును. చూచినవాడు జనాభా విస్ఫోటనమని బెదరును. కాని 1911కును 1921కును నడుమ చూడుడు. 1918 నాటి విషజ్వరము ఇన్‌ఫ్లుయెంజా దేశమున కోటికి పైగా ప్రాణములను హరించినది; ఆ దశాబ్దమున జనసంఖ్య పెరుగక సుమారు ఎనిమిది లక్షలు తగ్గినది. మన స్కేలుపై ఎనిమిది లక్షలనగా మిల్లీమీటరులో పండ్రెండవవంతు. ఎంత సన్నగా చెక్కిన పెన్సిలు గీతయైనను అంతకన్న మందముగానే యుండును. ఆ శతాబ్దమున దేశమునకు వాటిల్లిన మహోపద్రవము గీత మందములో మునిగిపోయినదన్నమాట. ఆ అంకెలనుండియే దశాబ్దవృద్ధిరేటులను లెక్కించి కమ్మీలుగా నిలిపినచో, శూన్యరేఖకు క్రిందుగా దిగిన కమ్మీ అదొక్కటే. ఎంత చిన్నదైనను, ఒంటరితనముచేత దానిని చూడకపోవుట అసాధ్యము.

ఆ రెండవ చిత్రము వేరొక కథయు చెప్పును. 1961-71లో 24.8 శాతముగా నున్న వృద్ధి, తరువాతి దశాబ్దములలో 24.7, 23.9, 21.5, 17.7 శాతములుగా వరుసగా తగ్గుచు వచ్చినది. మొదటి చిత్రమున కొండ యెక్కుచున్న కాలమే ఇది. 1991-2001లోను, 2001-11లోను దేశమునకు చేరినవారు ఇంచుమించు సమానముగా 18.2 కోట్లు, కనుక మొదటి చిత్రమున చివరి రెండు ఖండములు ఒకే వాలుగల తిన్నని గీత. తిన్నని గీతను చూచి ‘వేగము మారలేదు’ అనుకొనుట సహజము; కాని అంతకంతకు పెద్దదగుచున్న జనసంఖ్యకు అంతే మొత్తము చేరుచున్నదనగా రేటు పడిపోవుచున్నదనియే అర్థము. సమాననిష్పత్తులు సమానమైన ఎత్తులుగా కనబడు సంవర్గమాన కాగితముపై గీసినచో, ఆ ఖండములు వంగి చదునగుట ప్రత్యక్షమగును. సంవర్గమానములను మన విద్యార్థులు గుణకారభాగాహారములకై వల్లించి విడిచివేయుదురు. వానికి గల అత్యంత సులభమైన ఈ ప్రయోజనము పాఠ్యపుస్తకములకెక్కలేదు. ఇదియొక లోపమని నా దృఢవిశ్వాసము.

అసలు బొమ్మలెందుకు, అంకమధ్యమమును విచలనమును చెప్పిన చాలదా యనువారికి ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ 1973లో నాలుగు చిన్న పట్టికలతో సమాధానము చెప్పెను. ఒక్కొక్కదానిలో పదునొకండు జతల సంఖ్యలు. నాలుగింటను మొదటి రాశి సగటు 9, రెండవదాని సగటు 7.5, సహసంబంధము 0.816. బిందువులుగా గుర్తించినచో ఒకటి సాధారణమైన వెదజల్లు, మరొకటి నున్నని వంపు, మూడవది ఒక్క బిందువు తొలగిన సరళరేఖ, నాలుగవది నిలువుగా పేర్చిన బిందువులకు దూరముగా నిలిచిన ఏకాకి. జాన్ టూకీ 1977 నాటి గ్రంథముతో ప్రచారములోనికి తెచ్చిన పెట్టెచిత్రమును ఈ కోవలోనిదే. మధ్యగతమును, చతుర్థాంశములను, కొసలను ఒక్క చూపున చూపును.

ఇంతవరకు చెప్పిన చిత్రములన్నిటను ఒక సమానదోషము కలదు: చేతనున్న సంఖ్య నిశ్చయమైనదన్నట్లు నటించుట. జనగణన కాక నమూనా పరిశీలనయైనచో, ఆ సంఖ్య మరియొక నమూనాలో మరియొకటి యగును. కలకత్తాలో 1931లో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించి, 1950లో ఆరంభమైన జాతీయ నమూనా పరిశీలనమునకు మూలపురుషుడైన ప్రశాంతచంద్ర మహలనోబిస్ దీనికి కనిపెట్టిన ఉపాయము, నా దృష్టిలో, ప్లేఫేర్ నాటినుండి వచ్చిన చిత్రములలోకెల్ల నిజాయితీగలది. కుటుంబములను పేదవారినుండి ధనికులవరకు వరుస పేర్చి సమానసంఖ్యగల వర్గములుగా విభజించి, ఒక్కొక్క వర్గపు సగటు వ్యయమును బిందువుగా గుర్తించి రేఖ గీయుట మొదటి మెట్టు. అక్కడితో ఆగక, ఆయన నమూనాను స్వతంత్రమైన రెండు సగములుగా తీయించి, రెండింటికి రెండు రేఖలు ఒకే కాగితముపై గీయించెను. రెండును ఒకే జనమును గూర్చినవే, ఐనను ఏకీభవింపవు. వాని నడుమ మిగిలిన పట్టీయే ఆ పరిశీలనలోని దోషపరిమాణము. వేరొక సంవత్సరపు పరిశీలనకు ఇట్టిదే మరొక పట్టీ గీసి, రెండు పట్టీల నడుమ దూరము ఆ పట్టీల వెడల్పుకన్న మించినచో మార్పు నిజమని నమ్మవచ్చును, లేనిచో నమ్మరాదు. ఈ పద్ధతిని ఆయన 1960లో ప్రకటించెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి 1941లో ఆ సంస్థను చేరిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు, 1945లోనే, ఒక అంచనాలోని అనిశ్చితత్వమును ఏ హద్దుకన్న తగ్గింపజాలమో గణితముగా నిరూపించియుండెను. ఆ అనిశ్చితత్వమును సామాన్యుని కంటికి చూపినది మహలనోబిస్ పట్టీ.

ఎన్నికల ఋతువున టీవీలలో నొక పార్టీకి 42 శాతమనియు, మరొకదానికి 40 శాతమనియు నిలుచు రంగుకమ్మీలకు ఇట్టి పట్టీ ఎన్నడును ఉండదు. పాఠశాలలో మాత్రము దీనిని చూపుట కష్టము కాదు. ఉపాధ్యాయుడు తన ఊరినుండి ముప్పది ఇండ్లు ఒక జట్టుచేతను, వేరుగా ఎన్నుకొన్న ముప్పది ఇండ్లు మరొక జట్టుచేతను పరిశీలింపజేసి, నెలకు వాడు బియ్యమో, కరెంటు బిల్లో, బడికి నడచు దూరమో, ఏదైన నొకదానిని రెండు జట్లును ఒకే గ్రాఫు కాగితముపై రెండు రంగుల పెన్సిళ్ళతో గీయునట్లు చేయవచ్చును. ఒక జట్టు తప్పు చేసినదని రెండవ జట్టు వాదించును. ఇరువురును తప్పుచేయలేదని చెప్పి, గీతలు వేరైన కారణమేమని ఆయన అడుగుటతో ఆ గంట పాఠము మొదలగును.